ఫ్రీజర్లో హంస మెడ

"వదినా, ఈ లోకంలో తప్పు చేసినవాడు ఇద్దరికి భయపడాలి. ఒకరు దేవుడు, రెండోవాణ్ణి నేను. దేవుడైతే ఒక్కోసారి క్షమిస్తాడు."

మా మరిది ఇల్పో ఈ మాట అన్నప్పుడు మా షెడ్డులో, నా డీప్ ఫ్రీజరు మూత మీద కూర్చుని, మా అమ్మాయి సైమీకి చర్చిలో జరిగే కన్ఫర్మేషన్ పండగ విందు కోసం నేను చేసి దాచిన యాలకుల బన్ను తింటున్నాడు. అది గడ్డకట్టి రాయిలా ఉంది. అయినా కొరుకుతున్నాడు.

"ముందు దిగు" అన్నాను. "మూత విరుగుతుంది. విరిగితే లోపలికి గాలి పోతుంది, గాలి పోతే మాంసం కరుగుతుంది, కరిగింది పాడవుతుంది, ఆదివారం నాడు పాస్టరు గారితో సహా వచ్చినవాళ్ళంతా ఆసుపత్రి పాలవుతారు. పిల్ల తెల్లగౌను వేసుకుని వార్డులో నిలబడి అందరికీ థాంక్స్ చెప్పుకోవాలి."

"భయపడకు వదినా. నేనున్నాను కదా."

నా భయాల్లో అదొకటి.

ఇల్పో మా ఆయన తమ్ముడు. చలికాలమంతా ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. మంచు కరిగిపోయాక చేతికి పని ఉండదు, బుర్రకి అనుమానాలుంటాయి. కాబట్టి మే నుంచి మళ్ళీ మంచు పడేదాకా డిటెక్టివు. ఇంతవరకూ ఛేదించిన పెద్ద కేసు పోస్టు డబ్బాలది. నిరుడు మంచు కరగ్గానే చూస్తే మా వీధి మలుపులో డబ్బాలన్నీ విరిగి పడున్నాయి. ఇల్పో వేసవంతా పరిశోధించాడు. విరిగిన చెక్కల మీద నారింజ రంగు గీతలు కనిపెట్టాడు. ఆ రంగు ఎక్కడిదా అని ఊళ్ళో ప్రతి తలుపూ గేటూ గీకి చూసి, చిట్టచివరికి తన మంచు బండి బ్లేడు దగ్గర తేలాడు. ఇంకొకడైతే అక్కడితో నోరు మూసుకునేవాడు. ఇల్పో మాత్రం రొమ్ము విరుచుకుని ఊరంతా తిరిగాడు. "చూశావా వదినా, నా కళ్ళు నన్ను కూడా వదల్లేదు."

అలాంటివాణ్ణి నేనెందుకు పిలిచానంటారా? పోలీసుల్ని పిలవలేని కేసు కాబట్టి. మా ఆయన్ని అడగలేని కేసు కూడా కాబట్టి.

మా ఊరు ఓరవిలహ్తి. ఫిన్లాండులో రోడ్డు అయిపోయిందనుకున్నాక ఇంకో గంట పోతే వస్తుంది. ఇక్కడ ఇంటికో తుపాకి, ఇంటికో పడవ, ఇంటికో ఫ్రీజరు. ఈ మధ్య ఇంటికో గాలి పీల్చే మిషను కూడా చేరింది. సాయంత్రం దుకాణంలో గడువు దగ్గరపడ్డ సరుకు మీద ఎర్రచీటీ అంటించి సగానికి సగం ధర తగ్గిస్తారు. ఆ చీటీలు అంటించే అమ్మాయి వెనకాల, ఊరేగింపులో బ్యాండు వెనక నడిచినట్టు, ఊరి పెద్దమనుషులంతా నడుస్తారు. ఎవరూ ఎవర్నీ చూడనట్టే నటిస్తారు. ఖీమా, కోడికాళ్ళు, పొగబెట్టిన చేప, ఏది దొరికితే అది తెచ్చి కవర్లో పెట్టి మిషను మూత నొక్కితే, బుర్రుమని గాలంతా పీల్చేసి మూతి అంటించేస్తుంది. పుస్తకంలా పలచగా అణిచి పెడితే ఫ్రీజర్లో నిలువుగా సర్దుకోవచ్చు, కరగడం కూడా తొందరగా కరుగుతుంది. కవరు మూతి తడిగా ఉంటే అంటదు. క్యాబేజీని వేడినీళ్ళలో ముంచకుండా పెడితే లోపలే గాలి పుట్టి కవరు బొప్పి కడుతుంది. సూపుని ముందు డబ్బాలో గడ్డ కట్టించి అప్పుడు కవర్లో వేయాలి, లేకపోతే మిషనే సూపు తాగుతుంది. ఇవన్నీ నేను భయపడి భయపడి నేర్చుకున్నవి. ప్రతి కవరు మీదా చీటీ అంటించి, ఏం మాంసమో, ఎప్పటిదో, ఎవరికో రాస్తాను. ఎవరికో ఎందుకంటే, మా వేటకుక్క ముర్రీకి దుప్పి ఊపిరితిత్తులు కూడా అందులోనే దాస్తాం.

ఆ వారం విందుకి సరుకు చూసుకుందామని ఫ్రీజరు అడుగుదాకా ఖాళీ చేశాను. అడుగున చీటీ లేని కవరొకటి కనబడింది. నాది కాదు. నేను చీటీ లేకుండా ఉప్పు కూడా దాచను.

బూడిద కలిసిన తెలుపు. చుట్టగా చుట్టుకుని మధ్యలో బొక్క. కవరు గట్టిగా అతుక్కుపోయి చర్మంలా ముడతలు. ఒక కొసన పసుపుపచ్చగా ఏదో ఉంది, దాని చివర నల్లగా ఉంది.

పసుపు ముక్కు, కొసన నలుపు, పొడుగాటి తెల్లటి మెడ. అలాంటి పిట్ట మా సరస్సులో ఒకటే.

ఇల్పో ఆ కవరుని భూతద్దంతో చూసి, తిరగేసి చూసి, వాసన చూసి, పొరపాటున నాకి చూశాడు. నాలుక అతుక్కుపోయింది. గోరువెచ్చటి నీళ్ళు పోసి ఊడదీశాను.

"హంఫ" అన్నాడు. నాలుక సర్దుకుని మళ్ళీ అన్నాడు. "హంస మెడ. చుట్టచుట్టి గాలి తీసి దాచారు. వదినా, ఇది పక్షిహత్య కాదు. రాజహత్య."

"గట్టిగా అనకు."

"హంసని చంపితే ఏమవుతుందో తెలుసా?"

ఎందుకు తెలీదు? హంస మా దేశానికి జాతీయ పక్షి. తుపాకి లైసెన్సు పోతుంది. వేట సంఘంలోంచి గెంటేస్తారు. ఏటేటా వేట అయ్యాక సంఘం షెడ్డులో దుప్పి మాంసాన్ని కుప్పలు పోస్తారు. ఒకరు గోడవైపు తిరిగి నిలబడితే, ఇంకొకరు ఒక్కో కుప్ప మీద చెయ్యి పెట్టి "ఇది ఎవరికి" అంటారు. చూడకుండా పేరు చెప్పాలి, ఏరుకోవడం ఉండదు. ఆ పేర్లలో మా పేరు లేకపోతే చలికాలమంతా మేం ఎర్రచీటీల మీద బతకాలి. దానికంటే ముఖ్యం, ఆ సంఘం అధ్యక్షుడు హన్నెస్ గారు, ఆయన భార్య అర్మీ అక్క ఆదివారం మా ఇంటికి విందుకొస్తున్నారు. ఆవిడ సైమీకి జ్ఞానమాత, అంటే చర్చి లెక్కలో రెండో తల్లి; ఆ హోదాలో అర్మీ అక్కే దగ్గరుండాలి. అంతమందిలో ఆ పిల్ల తండ్రి హంసని చంపాడని బయటపడితే, సైమీ ఇంక ఈ ఊళ్ళో తలెత్తుకు తిరుగుతుందా?

"తండ్రా?" అన్నాడు ఇల్పో. "అన్నయ్యని అనుమానిస్తున్నావా?"

ఏం చెయ్యమంటారు? మా ఆయన రైనే రోజుకి నాలుగు మాటలు మాట్లాడతాడు. మే నెలలో ఒక హంసల జంట మా రేవులో దిగి ఆయన వల చింపేసింది. ఆ రోజు కాఫీ తాగుతూ ఐదో మాట అన్నాడు. "వీటి మెడ విరిచేస్తా." నెల తిరక్కుండా రేవులో ఒక్క హంసే కనిపిస్తోంది. రెండోది లేదు.

"మరి అన్నయ్యనే అడగొచ్చుగా."

"అడిగితే అబద్ధం చెప్పడు. అదే నా భయం."

ఇల్పో ఫ్రీజరు మీంచి దిగాడు. టోపీ సర్దుకున్నాడు. "చట్టం ముందు అన్నయ్య లేడు, తమ్ముడు లేడు. వదిన ఉంటుంది, ఎందుకంటే భోజనం పెట్టాలి. కేసు తీసుకున్నాను."

మర్నాడు దుకాణం నుంచి వచ్చి చూద్దును కదా, ఫ్రీజర్లో కవర్లన్నీ బోడిగా ఉన్నాయి. ఇల్పో నా చీటీలన్నీ పీకి ఒక అట్ట మీద వరసగా అంటించి, దాని ముందు కళ్ళు చికిలించి కూర్చున్నాడు.

"ఏం చేశావు నాయనా?"

"చేతిరాత పరీక్ష. వదినా, ఒళ్ళు జలదరించే నిజం ఒకటి బయటపడింది. ఈ చీటీలన్నీ రాసింది ఒకే మనిషి."

"నేనే."

"అదే అనుమానాస్పదం."

"అవి నా ఫ్రీజర్లో నా కవర్లు. వేరేవాళ్ళు ఎందుకు రాస్తారు? ఇప్పుడు ఏది దుప్పి కార్జమో, ఏది కుక్క ఊపిరితిత్తులో నాకెలా తెలుస్తుంది? పాస్టరు గారికి కుక్క కూడు పెట్టమంటావా?"

"ముర్రీ ఆరోగ్యంగానే ఉంది కదా" అన్నాడు.

విందుకని తీసిపెట్టిన దుప్పి తొడమాంసానికి నేను ముందే దారం కట్టాను కాబట్టి ఆ ఐదు పొట్లాలూ గుర్తుపట్టగలిగాను. మిగతావాటిలో అనుమానమొచ్చిన ప్రతిదీ ముర్రీకే పెట్టాను. ఆ వారం మా కుక్క రాజభోగం అనుభవించింది. ఇప్పటికీ మామూలు తిండి పెడితే మొహం తిప్పుకుంటుంది.

తర్వాత సాక్ష్యాల సేకరణ. ఫ్రీజరు మూత మీద వేలిముద్రల కోసం రొట్టెలకి వాడే రై పిండి చల్లాడు. అందరి వేలిముద్రలూ దొరికాయి, ఎక్కువగా తనవే. దొరికిన ప్రతిదాన్నీ నా మిషనులో పెట్టి గాలి తీసి భద్రపరిచాడు. ఒక వెంట్రుక, సగం కొరికిన బన్ను, కర్రముక్క, తన కారు తాళం చెవి. తాళం చెవి తనదేనని సాయంత్రం ఇంటికి నడుస్తూ నడుస్తూ సగం దారిలో గుర్తొచ్చింది. కవర్లు ఊరికే వస్తున్నాయా? నేను వాడిన కవరు కూడా కడిగి, మూతి కత్తిరించి మళ్ళీ వాడతాను. ఆయనగారు వెంట్రుకకి అడుగు పొడుగు కవరు వాడాడు.

"చీకటి పడ్డాక మాటు వేస్తాను" అన్నాడు.

"జూన్ నెలలో చీకటి ఎక్కడిది? ఆగస్టు దాకా ఆగాలి."

"అయితే పగలే చీకటనుకుంటాను" అని కట్టెల గుట్ట వెనక టార్పాలిను కప్పుకుని పడుకున్నాడు. దోమలు కొరుకుతుంటే టార్పాలిను తనంతట తాను లేచి గంతులేసింది. దుకాణం పెంత్తి సైకిల్ మీద పోతూ ఆగి, "ఏం ఇల్పో, మాటు వేశావా?" అన్నాడు.

"నేను ఇక్కడ లేను" అంది టార్పాలిను.

"సరే" అని పెంత్తి వెళ్ళిపోయాడు. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. మా ఊరివాళ్ళు ఒక మనిషి మీద ఏడాదిపాటు అనుమానపడమంటే పడతారు గానీ, ఆ మనిషిని ఒక్క ప్రశ్న అడగమంటే ఊరొదిలి పోతారు. నేనూ ఈ ఊరిదాన్నే. ఆ నాలుగు రోజులూ రైనే ఎదురుగా కూర్చుని బంగాళాదుంపలు తింటూ, ఆయన చేతులకేసి చూడటం, కళ్ళు దించుకోవడం. ఒకసారి ఆయన, "ఏమైంది?" అన్నాడు. "ఏం కాలేదు" అన్నాను. ఆ రోజుకి మా సంభాషణ అదే.

ఆదివారం పొద్దున్నే ఆవిరిస్నానాల సౌనా గది పక్కన నీళ్ళ కాగు కింద నిప్పు వేశాం. స్నానాలకి నీళ్ళు కాగేది అందులోనే. తొడమాంసం పొట్లాలు కవర్లతోనే ఆ నీళ్ళలో వేసి మెల్లగా ఉడకనిస్తే, రసం ఒక్క చుక్క పోదు, పొయ్యి ఖర్చు ఉండదు. అవే కట్టెలు స్నానానికీ, కూరకీ. దారం కట్టిన థర్మామీటరు వేలాడదీసి, ఇల్పోని కాపలా పెట్టాను. మేం చర్చినుంచి వచ్చేదాకా కదలకూడదని చెప్పాను.

"ఈ గీత దగ్గరే ఉండాలి ముల్లు. దాటితే మాంసం పాడు, తగ్గితే మనుషులు పాడు. అర్థమైందా?"

"వదినా, ఈ చేతుల్లో ఒక జాతి గౌరవమే భద్రంగా ఉంది" అని చొక్కా లోపల్నించి హంస మెడ కవరు తీశాడు.

"అదెందుకు బయటికి తెచ్చావు?"

"ఇవాళే ముహూర్తం. అనుమానితులంతా ఒకే గదిలో ఉంటారు. విందు మధ్యలో లేచి నిలబడతాను. సాక్ష్యం బల్ల మీద పెడతాను. ఒక్కొక్కరి కళ్ళలోకి చూస్తాను. హంతకుడి కాఫీ కప్పు వణుకుతుంది."

"నీకు దణ్ణం పెడతాను. పిల్ల పండగ. రేపు చేసుకో. ఎల్లుండి చేసుకో."

"నేరానికి సెలవుల్లేవు."

ఇంతలో వాకిట్లో ట్రైలరు చప్పుడు. హన్నెస్ గారు సంఘం బెంచీలు తీసుకొచ్చారు, పక్కన అర్మీ అక్క. నేను గబగబా వాకిట్లోకి పరిగెత్తి వాళ్ళకి అడ్డంగా నిలబడి, వాతావరణం గురించి నాకు తెలిసినదంతా చెప్పాను. వెనక కాగు మూత ఖణేలుమంది. తిరిగి చూస్తే ఇల్పో చేతులు ఖాళీ. అమాయకంగా ఈల వేస్తున్నాడు.

బెంచీలు దించి వాళ్ళు చర్చికి వెళ్ళాక, "ఎక్కడ పెట్టావు?" అన్నాను.

"నీకు తెలియకపోవడమే నీకు రక్షణ."

మా పాస్టరు గారు ఆడమనిషి. చర్చిలో ఆవిడ ముందు సైమీ తెల్ల అంగీలో, పొడుగాటి మెడ చాపి, తలవంచి మోకరించింది. ఏ తల్లికైనా కడుపు నిండాలి. నాకు మాత్రం ఆ మెడ చూస్తే ఇంకో మెడ గుర్తొచ్చి కళ్ళనీళ్ళు తిరిగాయి. పక్కన అర్మీ అక్క నా చెయ్యి నొక్కి, "ఏడవకు, అంతా మంచే జరుగుతుంది" అంది. అంత మంచి మనిషి భర్త చేతుల మీదుగా మా లైసెన్సు పోవాలా అని ఇంకా ఏడ్చాను.

ఇంటికొచ్చేసరికి జనం నిండిపోయారు. నేను కాఫీ పోస్తున్నాను. మాంసం పొట్లాలు తీసి కోసి పళ్ళేల్లో సర్దమని రైనేకి చెప్పాను. ఆయన కాగులో ఉన్నవన్నీ తీసుకొచ్చి వంటింట్లో కవర్లు కోశాడు. సైమీ ఒక్కో పళ్ళెం తెచ్చి బల్ల మీద పెడుతోంది. ఒకటి, రెండు, మూడు. తొడమాంసం లోపల గులాబీరంగులో, మెత్తగా, నేను భయపడినంత సేపూ బాగా ఉడికింది. నాలుగు, ఐదు.

ఆరోది కూడా తెచ్చింది.

పెద్ద పళ్ళెం మధ్యలో చుట్టగా చుట్టుకుని, తెల్లగా, ఆవిర్లు కక్కుతూ, పసుపుపచ్చ ముక్కుతో, కొసన నలుపుతో ఉంది. దాని చుట్టూ సోపాకు కూడా పేర్చింది నా తల్లి. తెచ్చి సరిగ్గా హన్నెస్ గారి ముందు పెట్టింది.

నా చేతిలో కాఫీ కూజా వంచింది వంచినట్టే ఉండిపోయింది. పాస్టరు గారి కప్పు నిండి, సాసరు నిండి, బల్లగుడ్డ తడిసింది. ఆవిడ పాపం, "చాలు" అనడానికి మొహమాటపడి చూస్తూ కూర్చుంది.

ఇల్పో లేచి చెంచాతో గ్లాసు మీద కొట్టాడు. "ఎవరూ కదలొద్దు."

ఎవరూ కదల్లేదు. మావాళ్ళు మామూలుగానే కదలరు.

"ఈ గదిలో" అని గొంతు తగ్గించాడు, "ఒక హంతకుడు కాఫీ తాగుతున్నాడు."

"అందరం తాగుతున్నాం" అన్నాడు పెంత్తి.

"మన సరస్సు మహారాణి, తెల్లటి రెక్కల దేవత, ఇప్పుడు లేదు. ఆమె మెడ ఈ ఇంట్లోనే దొరికింది. ఆ సాక్ష్యాన్ని నేను ఎవరికీ అంతుపట్టని చోట దాచాను. ఇప్పుడే తెస్తాను..." అంటూ బల్లకేసి చూశాడు. చూపు పళ్ళెం దగ్గర ఆగింది.

"వదినా" అన్నాడు చివరికి చిన్న గొంతుతో. "వండేశావా?"

"బాబాయ్, అది చేప కదా" అంది సైమీ.

"సాక్షి మైనరు. లెక్కలోకి రాదు." ఫోర్కు తీసుకుని ఎముక చూపిద్దామని ఆ మెడలో గుచ్చాడు. ఎముక తగల్లేదు. ఫోర్కు జారి ముక్కు ఊడిపోయి హన్నెస్ గారి పళ్ళెంలో పడింది. ఆయన దాన్ని నింపాదిగా తిప్పి చూశారు. నిమ్మచెక్క, దాని మీద గుచ్చిన నల్ల ఆలివు కాయ.

బల్ల అవతల అర్మీ అక్క నెమ్మదిగా లేచి నిలబడింది.

"ఇది నేను చేసిన పైక్ చేప వంటకం" అంది. "గుండ్రటి అచ్చులో పోసి చేశాను. కన్నూ ముక్కూ పెట్టాను, అందంగా ఉంటుందని. కిందటేడాదికి ముందటి క్రిస్మస్‌కి పాస్టరు గారికి ఇచ్చాను. చాలా బాగుందన్నారు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారని అంటారు. మా ఊళ్ళో భుజాలు తడుముకోరు, కాఫీ కలుపుకుంటారు. ఆ క్షణాన గదిలో అన్ని చెంచాలూ కదిలాయి. చక్కెర వేసుకోనివాళ్ళు కూడా కలుపుకున్నారు.

"బాగుంటుందన్నాను అర్మీ" అంది పాస్టరు గారు, తడిసిన సాసరుకేసి చూస్తూ. "ఉంటుంది అన్నాను. నాకంటే అవసరమున్నవాళ్ళకి చేరితే ఇంకా బాగుంటుందని..."

పెంత్తి దగ్గాడు. "నాకిచ్చారు. పాస్టరు గారిచ్చింది కాదంటామా? మా ఆవిడకి చేప ముళ్ళంటే భయం. పారేద్దామంటే తిండి కదా, చెయ్యి రాలేదు. పైగా గాలి తీసి గట్టిగా మూసుంది, ఎప్పటికీ పాడవదు. అందుకని ఒకరికి, చేసిన సాయానికి, పేపర్లో చుట్టి ఇచ్చాను."

"ఎవరికి?" అన్నారు హన్నెస్ గారు.

పెంత్తి ఇల్పోకేసి చూశాడు. "దుకాణం సైన్‌బోర్డు మంచులో పోతే వెతికిపెట్టాడు కదా. తన బండే దాన్ని పూడ్చిందనుకోండి. అయినా వెతికాడు."

ఇల్పో మొహంలో రంగులు మారాయి. మంచు బండి బ్లేడు దగ్గర తేలిన రోజు కూడా ఇలాగే మారుంటాయి. "నా ఫ్రిజ్ చిన్నది" అన్నాడు. "వదిన ఫ్రీజర్లో అడుగున పెట్టాను. పేపరు ఊడిపోయినట్టుంది." ఒక్క క్షణం కూలబడ్డాడు. మళ్ళీ టోపీ సర్దుకుని లేచాడు. "నేను మొదట్నించీ ఇదే అనుమానించాను. నేరస్తుడు ఈ ఇంటికి బాగా కావలసినవాడు."

"మరి రెండో హంస ఏది?" అన్నాను నేను. అడగాలని కాదు, నోట్లోంచి వచ్చేసింది. అందరూ నాకేసి, నేను రైనేకేసి.

రైనే వంటింటి గుమ్మంలో కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. "గూట్లో ఉంది" అన్నాడు. "గుడ్ల మీద. వల అక్కణ్ణుంచి తీసేశాను. అటు పోతే కొడుతోంది." ఆగి, "నేను చంపాననుకున్నావా?"

నేను కాఫీ కూజా బల్ల మీద పెట్టి బెంచీ మీద కూర్చున్నాను.

"అడగొచ్చుగా" అన్నాడు.

"నువ్వు చెప్పొచ్చుగా."

హన్నెస్ గారు ముందు నవ్వారు, ఆ తర్వాత గదంతా నవ్వింది. అర్మీ అక్క ఒక్కతే నవ్వలేదు. చేతిగుడ్డ మడత పెడుతూ, విప్పుతూ కూర్చుంది. "అంటే ఇది ఎవరూ తినలేదన్నమాట" అంది. ఆ గొంతు విని నవ్వులు ఆగిపోయాయి.

నాకు అప్పుడు అర్థమైంది, ఈ మిషను చేసిన అన్యాయమేమిటో. అది రాకముందు ఇష్టంలేని కానుకకి ఒక ఆయుష్షుండేది. నాలుగు రోజులకి దానంతట అది పాడైతే మర్యాదగా పారేసి, "చాలా బాగుంది" అని చెప్పేవాళ్ళం. ఇప్పుడు చావే లేదు. చావులేనిది తిరుగుతూనే ఉంటుంది.

కత్తి తీసుకుని ఆ చుట్టలోంచి ఒక ముక్క కోసుకున్నాను. ఏడాదిన్నర నాటి చేప. ఇది గొంతు దాటితే నేను ఈ బెంచీ మీదే పడిపోతాను, పిల్ల పండగనాడే తల్లి పోయిందంటారు అనుకుంటూ కళ్ళు మూసుకుని నమిలాను. మింగాను. కాసేపు చూశాను. ఏం కాలేదు.

"అక్కా, బాగుంది" అన్నాను. "ఉప్పు ఒక్క పిసరు తక్కువ."

అబద్ధం కాదు. మెత్తగా, వెన్న వాసనతో, నిజంగానే బాగుంది. సైమీ తిన్నది, హన్నెస్ గారు తిన్నారు, పాస్టరు గారు పశ్చాత్తాపంతో రెండు ముక్కలు తిన్నారు. పెంత్తి భార్య ముల్లు కోసం వెతికి వెతికి నిరాశపడింది. పళ్ళెం ఖాళీ అయ్యాక అర్మీ అక్క మొహం విప్పారింది.

"నిజం చెప్పనా?" అంది. "నాకూ పైక్ అంటే పడదు. ఏం చేయను? ఎవరో మహానుభావుడు ప్రతి వసంతంలోనూ బకెట్టెడు తెచ్చి మా మెట్ల మీద పెట్టి పోతాడు. పేరు చెప్పడు. పారేయలేక ఇలా చేసి పంచుతాను."

రైనే పైకప్పుకేసి చూడటం మొదలుపెట్టాడు. మా పైకప్పు మీద చూడటానికేం లేదు. చెక్క.

ఆయన వలలో పడ్డ చేపే, కూతురికి పెట్టిన సారెలా ఊరంతా తిరిగి పుట్టింటికే వచ్చి చేరిందన్నమాట. ఆయనకేసి చూశానంతే. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

సాయంత్రం అందరూ వెళ్ళేటప్పుడు అర్మీ అక్క కారులోంచి పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి తెచ్చి ఇల్పో చేతిలో పెట్టింది. "కేసు తేల్చావు కదా, ఇది నీ ఫీజు." ఇల్పో దాన్ని తడిమాడు. విప్పకుండానే, జీవితంలో మొదటిసారి, తప్పు లేకుండా తేల్చాడు.

"గుండ్రంగా ఉంది" అన్నాడు. "మధ్యలో బొక్క ఉంది."

కారు మలుపు తిరిగాక నాకేసి తిరిగాడు. "వదినా, మీ ఫ్రీజర్లో కాస్త చోటుందా?"

మర్నాడు మా ఊళ్ళో మొట్టమొదటిసారి ఒక షెడ్డుకి తాళం పడింది. దొంగల భయంతో కాదు, దాతల భయంతో.